మాఫీ అయిన బాకీ ఎవరు మోస్తారు?

సెప్టెంబర్ 2 పరకాలకు మామూలు తేదీ కాదు. 1947లో ఆ రోజుకు దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పద్దెనిమిది రోజులు. హైదరాబాద్ సంస్థానం మాత్రం ఇంకా నిజాం చేతిలోనే ఉంది. మూడు రంగుల జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు తుపాకులు పేల్చారు. 22 మంది నేలకొరిగారని ఊరు చెప్పుకుంటుంది. ఏటా ఆ రోజున అమరధామంలో వాళ్లకు దండలు వేస్తారు.

ఈసారి దండ వేసి వస్తూ మా పాత సోషల్ సారు ఇంటి ముందు ఆగాం, నేనూ, నాతో ఒకే బెంచీ మీద చదువుకున్న నా మిత్రుడూ. అతనిప్పుడు ఊరి చివర ఒక చిన్న సంఘానికి పాస్టరు. సారు దేవుణ్ణి నమ్మరు. నమ్మేవాళ్లను చులకనగా ఒక్క మాట అనగా నేను వినలేదు. వేపచెట్టు కింద అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ రాకముందే ఆయన మాట మొదలుపెట్టారు. ఆ సాయంత్రం వాళ్లిద్దరి మధ్య నడిచిన సంవాదం ఇది.

సారు: మొన్న ఆదివారం మీ మందిరం ముంగట నుంచి పోతుంటే మైకుల ఒక గొంతు వినపడ్డది. విత్తనాల దుకాణం ఆయన గొంతు. ప్రభువు నా పాపాలన్నీ కడిగేసిండు, గుండె తేలికైంది అంటున్నడు. సాక్ష్యమంటే అదేనా?

పాస్టరు: అదే సార్. పోయిన నెల బాప్తిస్మం తీసుకున్నడు. మస్తు ఏడ్చిండు. ఆ ఏడుపుల నటన లేదు, నేను పక్కనే ఉన్న.

సారు: నటన అని నేనంటలేను. ఏ పాపం కడిగిండో చెప్పిండా?

పాస్టరు: నకిలీ విత్తనాలు అమ్మిన అని ఒప్పుకున్నడు. దాచుకోలే.

సారు: ఎవరికి అమ్మిండో చెప్పలే. నేను చెప్త. మీ మందిరంల వెనక వరుసల గోడకు ఆనుకొని కూసుంటదే ఒకామె, ఆమె పెనిమిటికి అమ్మిండు. కౌలుకు చేసిన మూడెకరాలు. ఎకరానికి రెండు ప్యాకెట్ల లెక్కన ఆరు ప్యాకెట్లు, ఉద్దెరకు. బిల్లు ఇయ్యలే. పత్తి చెట్టు నడుమెత్తు పెరిగింది, కాత నిలవలే. బిల్లు లేదు గనుక యాడికి పోయి అడగనూ లేకపోయిండ్రు. పంట పోయింది, ఉద్దెర మీద వడ్డీ మాత్రం ఆగలే. ఇప్పుడామె పొద్దుగాల ఆరు గంటలకు ఆటోల కూలికి పోతది. గుండె తేలికైందని ఆయన మైకుల చెప్తుంటే ఆమె ఏం చేసిందో చూసినవా?

మిత్రుడు కాసేపు మాట్లాడలేదు.

పాస్టరు: చూసిన సార్. కొంగు అంచు వేలికి చుట్టుకుంట, విప్పుకుంట కూసున్నది. ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేసరికి లేచి చెప్పులేసుకొని పోయింది. రొట్టె తీసుకోలే.

సారు: ఇగ నా ప్రశ్న ఇను. అన్యాయం జరిగింది ఆమెకు. క్షమించింది మీ దేవుడు. మా ఇంట్ల దొంగతనమైతే పక్కింటాయన దొంగను పిలిచి, పోనీ బిడ్డా అన్నట్టు లేదా ఇది?

పాస్టరు: దేవుడు పక్కింటాయన కాదు సార్. ఆమెను చేసినోడు ఆయనే. ఆమెను మోసం చేస్తే దెబ్బ ముందుగ ఆయనకే తగుల్తది. దావీదు రాజు కథ మీకు తెల్సు. ఊరియా భార్యను చెరిచి, ఊరియాను యుద్ధంల ముందు వరుసల నిలబెట్టి చంపించిండు. తర్వాత 51వ కీర్తనల ఆ పాపం దేవునికే చేసిన అని ఒప్పుకుంటడు. ఏ పాపం లోతు చూసినా అడుగున దేవుడే ఉంటడు.

సారు: ఆ కీర్తన చదివినప్పుడల్లా నాకు ఊరియానే యాదికొస్తడు. సచ్చిపోయినాయన పేరు ఆ ప్రార్థనల యాడున్నది? రాజు దేవునితోని మాట్లాడుకున్నడు, మనసు కుదుటపడ్డది. ఊరియాతోని మాట్లాడేదెవరు? మీ దుకాణం ఆయన సాక్ష్యంల కూడా ఆమె పేరు లేదు. మూడు వేల ఏండ్లకు కూడా పద్ధతి మారలే.

పాస్టరు: ఆ మాట గుచ్చుకున్నది సార్, ఒప్పుకుంట. కానీ క్షమాపణంటే లెక్క కొట్టేసుడు అని మీరనుకుంటున్నరు. అది నేను ఒప్పుకోను. పరలోక ప్రార్థన మత్తయి సువార్తల ఉంటది. అండ్ల పాపం అనే మాట లేదు, ఋణం అనే ఉన్నది. అప్పు. 2024ల రుణమాఫీ అయింది గదా, రెండు లక్షల దాకా. ఆ అప్పు మాయమైందా?

సారు: ఎట్ల మాయమైతది? రైతు కట్టాల్సింది సర్కారు కట్టింది. సర్కారు పైసలంటే అందరి పైసలు.

పాస్టరు: నేను చెప్పేది గదే. మాఫీ అంటే బాకీ ఎగిరిపోవుడు కాదు, ఇంకొకడు మీదేసుకునుడు. సిలువ మీద జరిగింది అదేనని మేం నమ్ముతం. దేవుడు పాపాన్ని చూసీ చూడనట్టు వదిలేయలే. దాని వెల తన ఒంటి మీద మోసిండు. అందుకే కృపకు ధర లేదంటే నేను ఒప్పుకోను. తీసుకునేటోనికి ఉచితం, ఇచ్చేటోనికి ప్రాణం.

సారు: మంచిగ చెప్పినవ్. అయితే అదే పోలిక ఇంకొంచెం ముందుకు తీసుకుపో. రుణమాఫీ బ్యాంకు అప్పుకు అయింది. కౌలు రైతు దుకాణంల పెట్టిన ఉద్దెరకు అయిందా? కాలే. బాకీ దేవుడు మోసిండని నువ్వంటున్నవ్. నా కండ్లకు కనపడేది ఆటోల కూలికి పోయే ఆమె. ఆయన తప్పుకు వడ్డీ కట్టేది ఇయ్యాల్టికీ ఆమెనే.

చాయ్ వచ్చింది. గ్లాసులు అందుకున్నాక మిత్రుడు తన ఇంటి సంగతి ఎత్తాడు. నాకు తెలిసి అతను ఆ సంగతి సారుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

పాస్టరు: సార్, కృప అంటే మా ఇంట్ల ఏందో చెప్తే మీకు నా పట్టుదల అర్థమైతది. మా తాత మీ వాడకట్టు బావి కాడ కుండ పట్టుకొని నిలబడేటోడు. ఎవరన్న దయతల్చి పోస్తే నీళ్లు, లేకుంటే లేదు. ఎందుకట్ల అంటే పోయిన జన్మల చేసుకున్న పాపం అనేటోళ్లు. ఆ జన్మ యాదికి లేదు, ఆ పాపం ఏందో తెల్వదు, శిక్ష మాత్రం కండ్ల ముంగటున్నది. అసుంటి మనిషితోని ఒకరొచ్చి, నీ లెక్క ఎవ్వరూ అడుగుతలేరు, నీ అర్హత ఎవ్వరూ చూస్తలేరు, వచ్చి బల్ల కాడ కూసో అన్నరు. ఆ మాటే కృప. దాన్ని కష్టపడి సంపాదించాలంటే మా తాత ఈ జన్మల సంపాదించేటోడు కాదు. మీరు కృపను లెక్కల చట్రంల పెడ్తుంటే నాకు మళ్ల ఆ బావి కనపడ్తది.

సారు: (తలొంచుకొని) ఆ బావి మా నాయన తవ్విచ్చిందే. నాకు యాదున్నది. నేను కవి జాషువా గురించి పిల్లలకు చెప్పినోణ్ణి. 1941ల ‘గబ్బిలం’ రాసి గుడి లోపలికి పోలేని మనిషి గోస శివుని చెవిన వేయించిండు. ఆయనే తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాస్తే 1964ల సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. మీ తాతసుంటోళ్లకు కృప అనే మాట అన్నమోలె ఎందుకు అందిందో నాకు తెల్సు. దాన్ని నేను తీసిపడేయను.

పాస్టరు: మరింకేం సార్?

సారు: తేడా ఒక్కటే చూడు. మీ తాతకు కృప వచ్చింది అణిగి ఉన్నప్పుడు. దుకాణం ఆయనకు వచ్చింది అణచినంక. నిలబడ్డోన్ని కూసోమన్న మాటే, ఇంకొకరి మెడ మీద కూసున్నోనికి కూడా అదే తీరుగ చెప్తే ఎట్ల? ఆయన్ను ముందుగాల దిగుమనాలె గదా. ఇంకోటి చెప్త. కృప మీ ఒక్కరి సొత్తు గూడ కాదు. తిరుమంగై ఆళ్వారుకు పరకాలుడనే పేరున్నది. మన ఊరి పేరుకు ముడిపెట్టి చెప్తలేను, మాట కలిసింది గనుక యాదికొచ్చింది. దారి కాసి దోచుకునేటోడు ఆయన. పెండ్లికొడుకు వేషంల వచ్చిన విష్ణువునే దోచబోయి మంత్రం పొందిండని వైష్ణవులు చెప్తరు. ఆళ్ల తర్వాతి పండితులు ఇదే పంచాయితీ పెట్టుకున్నరు. తల్లికోతిని పిల్ల గట్టిగ పట్టుకున్నట్టు భక్తుడే దేవుణ్ణి పట్టుకోవాల్నా, పిల్లి తన కూనను నోట కరుచుకొని పోయినట్టు దేవుడే మోస్తడా అని.

పాస్టరు: నేను పిల్లికూన దిక్కే సార్.

సారు: ఉండు, తప్పులేదు. తల్లి నోట పట్టుకొని ఎందుకు తీసుకపోతది? మంటల నుంచి, కుక్క నుంచి తప్పించి మంచి జాగల దించేటందుకు. దించినంక అది తన కాళ్ల మీద నడవాలె. జన్మంతా తల్లి నోట్లనే ఉంట అనే పిల్లికూనను నేను చూడలే.

పాస్టరు: సరే సార్, కాళ్ల మీద నడిచినోళ్ల గురించి చెప్త. 1999 జనవరిల ఒడిశాల మనోహర్‌పూర్ అనే ఊర్లె గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు కొడుకులను జీపుల పడుకున్నోళ్లను పడుకున్నట్టే తగలబెట్టిండ్రు. ఫిలిప్‌కు పదేండ్లు, తిమోతికి ఆరు. ఆయన భార్య గ్లాడిస్, చంపినోళ్లను క్షమించిన అని లోకానికి చెప్పింది. కుష్ఠు రోగుల సేవ విడవలే. 2005ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. ఏ లెక్కల పుస్తకంల పడ్తది సార్ ఆ క్షమాపణ? ఎవ్వరూ అడగలే, ఎవ్వరూ తిరిగియ్యలే. కృప తాగిన మనిషి నుంచే అది పొంగుతది.

సారు: ఆ తల్లికి చేతులెత్తి మొక్కుత. కానీ నీ ఉదాహరణే నా మాట చెప్తున్నది సూడు. క్షమించింది ఎవరు? కడుపు కాలినామె. ఇంకెవరన్న పాస్టరు లేచి ఆమె తరఫున నేను క్షమించిన అంటే నువ్వు ఊకుంటవా? పైగా కోర్టు తన పని తను చేసింది. కింది కోర్టు మరణశిక్ష వేస్తే, హైకోర్టు యావజ్జీవంగ మార్చింది. 2011ల సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమాపణ జైలు తలుపు తెరవలే, తెరవమని ఆమె అడగనూ లేదు. క్షమాపణ వేరు, న్యాయం వేరు, రెండూ ఒకేసారి నిలబడ్డయి.

పాస్టరు: మరి అడిగేటందుకు మనిషే లేకపోతే? ఇందాక దండేసినం గదా సార్. ఆ 22 మంది తరఫున ఎవరు క్షమించాలె? మీరా, నేనా? దెబ్బ తిన్నోడే క్షమించాలనే మీ నియమం పెడితే, సచ్చిపోయినోళ్ల కాడ అది ఆగిపోతది. చంపినోడు రేపు గుండె పగిలి వచ్చినా ఆయనకు తలుపు లేదు. సచ్చినోళ్ల మొర వినే కోర్టూ లేదు. ఆ మొర విన్నోడు ఒకడున్నడని, లెక్క ఆయన దగ్గర భద్రంగ ఉన్నదని నేను నమ్ముత. నా దేవుడు క్షమించేటోడే కాదు, మరిచిపోనోడు గూడ.

సారు ఈ మాటకు వెంటనే బదులివ్వలేదు. అరుగు మీద వాలిన వేపాకులను ఏరి పక్కన పెట్టారు.

సారు: దీనికి నా దగ్గర జవాబు లేదు. సచ్చినోళ్ల తరఫున నేను చేయగలిగింది యాది పెట్టుకునుడే. నలభై ఏండ్లు పిల్లలకు ఆ రోజు సంగతి చెప్పిన. క్షమించుమని చెప్పే హక్కు నాకు లేదు, పగబట్టుమని చెప్పే హక్కు గూడ లేదు. కానీ ఆటోల పోయే ఆమె సచ్చిపోలే. మీ మందిరానికి ఆమె ఇల్లు ఎంత దూరం?

పాస్టరు: నాలుగు వందల గజాలు.

సారు: గంతే దూరం. దేవుని దాక పోయినోడు ఆ నాలుగు వందల గజాలు ఎందుకు పోలేదు?

పాస్టరు: పోతడు సార్. కృప పని మొదలుపెట్టింది, టైం పడ్తది. జాన్ న్యూటన్ బానిసలను మోసే ఓడల మీద పనిచేసిండు. 1748ల తుపానుల మొర పెట్టుకొని దేవుని దిక్కు తిరిగిండు. కృప మీద ఆయన రాసిన పాట ఇయ్యాల లోకమంతా పాడ్తది.

సారు: మొర పెట్టుకున్నంక ఏం చేసిండు? ఓడ కెప్టెన్ అయ్యి 1754 దాక మళ్ల బానిసలనే మోసిండు. ఆ వ్యాపారం తప్పని పుస్తకం అచ్చేసింది 1788ల. నలభై ఏండ్లు. ఆ నలభై ఏండ్లు ఓడ అడుగున సంకెళ్లల్ల పడున్నోళ్లకు ఆయన కృప ఏం పనికొచ్చింది?

పాస్టరు: పనికి రాలే సార్. ఆయన గూడ ఆ పుస్తకంల సిగ్గుపడ్తనే రాసిండు, ఒప్పుకోలు ఆలస్యమైందని. కానీ కృప ఆయనను వదల్లే. చివరికి నోరు తెరిపిచ్చింది. 1807ల బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం చేసింది, ఆయన అది చూసే కన్ను మూసిండు. ఆలస్యం కృపది కాదు, మనిషిది.

సారు: ఆలస్యం మనిషిదైతే, తొందర పెట్టాల్సింది ఎవరు? మైకు ఇచ్చినోడే గదా. నాయనా, నీకు తెల్వని సంగతొకటి చెప్త. ఆ దుకాణంల ఖాతా పుస్తకం ఉన్నది. ఎర్ర గుడ్డ అట్టది. అండ్ల ఆమె పెనిమిటి పేరు మీద బాకీ ఇంకా కొట్టేయలే. పోయిన వారం గూడ గుమస్తా వచ్చి అడిగిపోయిండు.

పాస్టరు: బాప్తిస్మం అయినంకనా?

సారు: అయినంకనే.

మిత్రుడు గ్లాసు కింద పెట్టాడు. చాయ్ సగం అలాగే ఉంది.

సారు: మీ మత్తయి సువార్తలనే ఒక కథున్నది. రాజు ఒక దాసునికి పదివేల తలాంతులు మాఫీ చేస్తడు. తలాంతుకు ఆరు వేల దేనారాలు, దేనారమంటే ఒక దినం కూలి. అంటే ఆరు కోట్ల దినాల కూలి. వాడు బయటికొచ్చి, తనకు వంద దేనారాలు బాకీ ఉన్న తోటిదాసుని గొంతు పట్టుకుంటడు. వంద దినాల కూలి, మన పాత ఉపాధి హామీ చట్టంల చెప్పిన పనంత. ఈ కథ చదివి మీరు ఎవ్వరికి వాక్యం చెప్తరు? వెనక వరుసల కూసున్న ఆమెకే, నువ్వు క్షమించు చెల్లె అని. నేను చదివితే ఆ దాసుడు ముందు వరుసల మైకు పట్టుకొని కనపడ్తున్నడు.

పాస్టరు: (మెల్లగా) వచ్చే వారం ఆమెకు ఆ కథే చెప్దామనుకున్న సార్. ఆమె మనసు గట్టిపడ్డదని నాకు బాధైంది. ఆమె కోసం ప్రార్థన గూడ చేసిన. ఖాతా పుస్తకం సంగతి అడగాలని తోచలే. జర్మనీల బోన్‌హోఫర్ అనే పాస్టరు 1937లనే రాసిండు, మార్పు అడగని కృప చౌకబారు కృప అని. హిట్లర్‌కు ఎదురు నిలిచి 1945ల ఉరికంబమెక్కిండు. ఆ పుస్తకం నా అల్మారల ఉన్నది. ఉండి ఏం లాభం?

సారు: నిన్ను నిందించుటానికి చెప్పలే.

పాస్టరు: తెల్సు సార్. కానీ ఒక మాట దగ్గర నేను వెనక్కి తగ్గను. జక్కయ్య సంగతి చూడుండ్రి. సుంకం వసూలు చేసేటోడు, దోచుకున్నోడు. చెట్టెక్కి చూస్తుంటే యేసు పేరు పెట్టి పిలిచి, ఇయ్యాల నీ ఇంటికొస్తున్న అన్నడు. ముందు బాకీలు కట్టిరా, అప్పుడొస్త అనలే. ముందుగాల వచ్చింది కృపనే. ఆ కృప ఇంట్ల అడుగు పెట్టినంకనే జక్కయ్య లేచి, ఆస్తిల సగం పేదలకు, మోసం చేసిందానికి నాలుగంతలు ఇస్త అన్నడు. భయపెట్టి వసూలు చేస్తే అసలు వస్తదేమో, నాలుగంతలు రాదు.

సారు: ఒప్పుకుంట. నువ్వు గూడ ఒకటి ఒప్పుకో. రెండూ ఒకే దినం జరిగినయి. మరుసటి ఆదివారం దాక ఆగలే.

పాస్టరు: ఒప్పుకుంట సార్. కానుక పట్టుకొని బలిపీఠం కాడికొచ్చినోనికి, అన్న మనసుల నీ మీద బాధున్నదని యాదికొస్తే, కానుక ఆడనే పెట్టి ముందుగాల పోయి సమాధానపడుమని యేసే చెప్పిండు. ఆ క్రమం నేనే తప్పిన. రొట్టె ఇచ్చే ముందు అడగాల్సింది అడగలే. రేపు పొద్దున ఆయన దుకాణానికి నేను పోత. ఖాతా పుస్తకం తీసుకొని ఆమె ఇంటికి ఇద్దరం నడిచిపోతం. మైకు ఉండదు, సంఘం ఉండదు. బాకీ కొట్టేసుడే కాదు, పోయిన పంట నష్టం గూడ ఆయనే లెక్క కట్టి ఇయ్యాలె.

సారు: ఆమె తలుపు తీయకపోతే?

పాస్టరు: మళ్లొకసారి పోతం.

సారు: పైసలు తీసుకొని, క్షమించను అంటే?

పాస్టరు: అది ఆమె ఇష్టం. కృప అడగకుండా వచ్చేది సార్. ఆమె కాడ క్షమాపణను బాకీలెక్క వసూలు చేస్తే, మేం కృపనే అమ్ముకున్నట్టు.

పొద్దు వాలింది. సారు గేటు దాకా వచ్చి మిత్రుడి భుజం మీద చేయి వేశారు. ‘నీ దేవుడు ఉన్నడని నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. ఉంటే మాత్రం, రేపు పొద్దున ఆ నాలుగు వందల గజాలల్ల కనపడ్తడు’ అన్నారు.

వాళ్లిద్దరి మధ్య కూర్చుని విన్నవాడిగా నా మనసులో నిలిచిన తీర్పు రాస్తున్నాను. కృపకు అర్హత అడగకూడదు, ఆ మాట నా మిత్రుడిది. అర్హత అడిగే లోకంలో అతని తాతకు నీళ్లు కూడా దొరకలేదు. కానీ కృప దొరికిన మనిషి కాళ్లు ఎటు నడిచాయో అడిగి తీరాలి, ఆ మాట సారుది. దేవుడు క్షమించాడన్న ధైర్యం, అన్యాయమైన మనిషి ముఖం చూడటానికి పనికిరావాలి. ఆ ముఖం నుంచి తప్పించుకోవడానికి దాన్ని వాడుకుంటే నష్టం మళ్లీ ఆ మనిషికే.

ఈ ఆదివారం ప్రార్థనకు బయల్దేరే అన్నలకు, అక్కలకు, చెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. మందిరానికి పోయే దారిలో మీరు బాకీ ఉన్న ఇల్లు ఏదైనా ఉంటే, ముందు ఆ గడప దగ్గర ఆగండి.